జిప్పు తలుపు గదిలో రెండు రాత్రులు

సఫారీ అనగానే మీకేం గుర్తొస్తుంది? నాకైతే మా మామగారు పెళ్ళిళ్ళకీ, బ్యాంకు పనులకీ వేసుకెళ్ళే లేత గోధుమరంగు సఫారీ సూటు గుర్తొస్తుంది. స్వాహిలీ భాషలో సఫారీ అంటే ఉత్తి 'ప్రయాణం' అని మొన్నమొన్నటి దాకా నాకు తెలీదు. ఆ లెక్కన మా కొత్తవలస నుంచి విజయనగరం బస్సెక్కినా సఫారీయే, చీపురుపల్లి పెళ్ళికెళ్ళినా సఫారీయే. మనం ఆడవాళ్ళం ఎన్ని సఫారీలు చేసేసేమో చూడండి!

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం అసలు సిసలు సఫారీ సంగతి. 2024 ఆగస్టులో నేను కెన్యా వెళ్ళేను. అక్కడ ఎల్మెంటైటా అనే సరస్సు ఒడ్డున, గుడారాల విడిదిలో రెండు రాత్రులు ఉన్నాను. గుడారం అన్నానని మన ఊళ్ళో సర్కస్ వాళ్ళ డేరా ఊహించుకోకండి. ఆ సంగతికి వస్తాను. ముందు ఎందుకు వెళ్ళేనో చెప్పాలి కదా.

మా చెల్లెలు పన్నెండేళ్ళ నుంచి నైరోబీలో ఉంటోంది. మరిదిగారు ఒక మందుల కంపెనీలో అకౌంట్సు చూస్తారు. ఇద్దరు పిల్లలు. చివరిసారి కొత్తవలస వచ్చి నాలుగేళ్ళు దాటిపోయింది. ఈలోగా మా అమ్మ స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషను అయింది గానీ నడక మునుపటిలా రాలేదు. మంచం, మంచం పక్కన కుర్చీ, అంతే. అమ్మ నా దగ్గరే ఉంటుంది. వారం వారం వీడియో ఫోన్లో చెల్లెలు "బాగున్నానమ్మా" అంటుంది. ఫోను పెట్టేసేక అమ్మ నా మొహం చూస్తుంది.

"ఫోన్లో అందరూ బాగానే ఉంటారే. నువ్వెళ్ళి చూసి రా. అది బాగుందో, బాగున్నానని చెప్తోందో" అంది ఒకరోజు.

మరిదిగారు టిక్కెట్టు పంపేరు. అమ్మని కనిపెట్టుకుని మావారు ఉండిపోయేరు. ఇంటర్మీడియెట్ చదివి, విశాఖపట్నం దాటి ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళని నేను, నలభై ఆరో ఏట పాస్‌పోర్టు పట్టుకుని బయల్దేరేను.

వెళ్ళాలనుకునేవాళ్ళకి పనికొస్తాయని రెండు మూడు సంగతులు ఇక్కడే చెప్పేస్తాను. కెన్యాకి 2024 జనవరి నుంచి వీసా అక్కర్లేదు. దాని బదులు ఇంటర్నెట్‌లో ముందుగా ఒక అనుమతి తీసుకోవాలి. మా మరిదిగారే చేసిపెట్టేరు. రెండోది ఎల్లో ఫీవర్ టీకా. ప్రయాణానికి పది రోజుల ముందైనా వేయించుకుని, పసుపు కార్డు దగ్గర ఉంచుకోవాలి. ఈ టీకా ప్రతి ఆసుపత్రిలోనూ వెయ్యరు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. తిరిగొచ్చేటప్పుడు మన దేశంలోనూ ఆ కార్డు అడుగుతారు, లేకపోతే విడిగా ఉంచేసే అధికారం వాళ్ళకుంది. ఒకసారి వేయించుకుంటే జన్మకి చాలు.

మూడోది మన ఆడవాళ్ళకి ముఖ్యమైనది. కెన్యాలో 2017 ఆగస్టు నుంచి ప్లాస్టిక్ సంచులు నిషేధం. మనం ఏం సర్దినా పాలిథిన్ కవరులో చుట్టి, దానిమీద ఇంకో కవరు చుట్టి, రబ్బరు బ్యాండు వేస్తామా! అక్కడ ఆ పప్పులుడకవు. చెల్లెలు ముందే చెప్పింది కాబట్టి మాగాయనీ, కందిపొడినీ మూత బిగుతుగా ఉన్న స్టీలు డబ్బాల్లో పెట్టి, పాత కాటన్ చీర ముక్కలతో మూటలు కట్టేను. బూరెలకీ జంతికలకీ గుడ్డ సంచులు కుట్టేను. నూనె చుక్క కారలేదు. నిజం చెప్పొద్దూ, అప్పట్నుంచి మా ఇంట్లో ఊరగాయ ప్రయాణాలన్నీ గుడ్డమూటల్లోనే.

ఆఫ్రికా అంటే మాడ్చే ఎండ అనుకుంటాం. నైరోబీ సముద్రమట్టానికి దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉంది. మన కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్ళే రైలు దారిలో అరకు పక్కన శిమిలిగూడ స్టేషను ఉంది కదా, అది వెయ్యి మీటర్లకి కాస్త తక్కువ. దానికి దాదాపు రెట్టింపు ఎత్తన్నమాట. పైగా భూమధ్యరేఖకి అటువైపు కావడంతో జూన్ నుంచి ఆగస్టు దాకా వాళ్ళకి చలికాలం. ఆగస్టు నెలలో స్వెట్టరు వేసుకుని కాఫీ కప్పు రెండు చేతుల్తో పట్టుకు కూర్చున్నాను. గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక నడుస్తుంది. అక్కడ పొద్దున్న ఏడింటికి అట్లు పోస్తుంటే, ఇక్కడ అమ్మ తొమ్మిదిన్నర మాత్ర వేసుకుంటూ ఉంటుంది. నాకు ఆ లెక్క అస్తమానూ మనసులో తిరుగుతూనే ఉండేది.

నైరోబీలో వారం ఉన్నాక ఒక శుక్రవారం పొద్దున్న కారులో బయల్దేరేం. ఎల్మెంటైటా నూటపాతిక కిలోమీటర్లు ఉంటుందేమో. ఊరు దాటిన కొంతసేపటికి రోడ్డు పక్కన నేల ఒక్కసారి తెగిపోయినట్టు కిందికి దిగిపోతుంది. అదే రిఫ్ట్ లోయ. భూమి లోపలి పలకలు ఒకదాన్నుంచి ఒకటి దూరం జరగడంతో ఏర్పడ్డ పగులట అది. అనంతగిరి ఘాట్‌లో నిలబడి కిందికి చూస్తే మనకి అడవి కనిపిస్తుంది. ఇక్కడ పచ్చగా, బూడిదరంగుగా ఒక దేశం మొత్తం కనిపిస్తుంది, మధ్యలో చల్లారిన అగ్నిపర్వతాలు. దిగే దారిలో బుల్లి చర్చి ఒకటుంది. రెండో ప్రపంచయుద్ధంలో బందీలుగా దొరికిన ఇటలీ సైనికుల చేత ఈ రోడ్డు వేయించేరట. వాళ్ళే 1942లో ఆ చర్చి కట్టుకున్నారట. మన పల్లెల్లో రోడ్డు పక్క గుడంత ఉంటుంది. పరాయి దేశంలో రాళ్ళు కొడుతూ, ఇంటికి ఎప్పుడు పోతామో తెలియని వాళ్ళు కట్టుకున్నది. నేను కాసేపు నిలబడ్డాను.

దారిలో రైలుపట్టాలు కనిపించేయి. మా కొత్తవలస వాళ్ళకి పట్టాలు కనిపిస్తే చాలు, చుట్టం కనిపించినట్టే! 1960లలో మా ఊరి నుంచి కిరండూల్ దాకా వేసిన లైనులో యాభై ఎనిమిది సొరంగాలున్నాయని మా ఊరి పిల్లలకి ఎక్కాలతో పాటు వచ్చేస్తుంది. ఈ కెన్యా లైను అంతకన్నా పాతది. ఇంగ్లీషు వాళ్ళు 1896లో మొంబాసా రేవు దగ్గర మొదలుపెట్టి 1901లో విక్టోరియా సరస్సు దాకా వేసేరు. దాదాపు ముప్పై రెండు వేల మంది కూలీలని మన దేశం నుంచే ఓడలెక్కించేరు. ఎక్కువమంది పంజాబు వాళ్ళు. రెండున్నర వేల మంది దాకా జబ్బులతో, ప్రమాదాలతో పోయేరట. సావో అనే చోట 1898లో రెండు సింహాలు కూలీల్ని నెలల తరబడి ఎత్తుకుపోయేయి. ఆ కథ మీరు సినిమాలో చూసే ఉంటారు. పని అయ్యేక చాలామంది వెనక్కి వచ్చేసేరు. కొన్ని వేలమంది ఉండిపోయేరు. ఆ తరవాత గుజరాతీలు వెళ్ళి దుకాణాలు పెట్టేరు. అందుకే ఆ భాషలో దుకాణాన్ని 'దుకా' అంటారు, చపాతీ చపాతీయే, చాయ్ చాయే. 2017 జూలైలో ప్రభుత్వం మన మూలాలున్న వాళ్ళని దేశపు నలభై నాలుగో తెగగా గుర్తించింది కూడాను.

ఇక విడిది. రోడ్డు మీంచి మట్టిదారిలోకి తిరిగేం. పసుపుపచ్చ బెరడు తుమ్మచెట్లు, వాటికింద మోకాలెత్తు ఎండుగడ్డి. ఆ చెట్టుని జ్వరంచెట్టు అంటారు. నీరు నిలిచే చోట పెరుగుతుంది, అక్కడ దోమలూ ఉంటాయి. పాతకాలపు తెల్లవాళ్ళు జ్వరం ఆ చెట్టువల్లే వస్తోందనుకున్నారట! పాపం చెట్టు.

కారు దిగగానే ఒకావిడ ఆవిర్లు కక్కే తెల్ల తువ్వాలు ఇచ్చి, "కరీబు, మామా" అంది. కరీబు అంటే రండి, దయచెయ్యండి అని. మామా అంటే అమ్మా అని. కొంచెం వయసున్న ఆడవాళ్ళందర్నీ అలాగే పిలుస్తారు. రెండు రోజులూ నన్ను "మామా, చాయ్?" "మామా, జాగ్రత్త" అంటూనే ఉన్నారు. మీసాలొక్కటే తక్కువ! మా మరిదిగారు "వదినగారూ, ఇక్కడ కోడిని కుకు అంటారు, భోజనాల దగ్గర రాసుంటే భయపడకండి" అని ముందే హెచ్చరించేరు. 'దాదా' అంటే సోదరి, 'న్యాన్యా' అంటే టమాటా, అమ్మమ్మ కూడా న్యాన్యాయేనట. ఇది విని నేనూ చెల్లెలూ ఎంతసేపు నవ్వుకున్నామో.

గుడారం గురించి చెప్తానన్నాను కదా. కర్రదిమ్మెల మీద ఎత్తుగా చెక్క నేల. దానిమీద దళసరి కాన్వాసు గోడలు, పైన ఇంకో కప్పు. లోపల మా ఇంటి హాలంత జాగా. పందిరిమంచం, దోమతెర, రాతబల్ల, పలకలు పరిచిన స్నానాలగది, తిప్పగానే వేణ్ణీళ్ళు! ముందు వరండా, రెండు కుర్చీలు, ఎదురుగా సరస్సు. అన్నీ ఉన్నాయి గానీ గుమ్మానికి గొళ్ళెం లేదు. తలుపంటే గుడ్డే, దానికి పొడుగాటి జిప్పు. నలభై ఆరేళ్ళుగా రాత్రి పడుకునేముందు గొళ్ళెం, గడియ, పెరటి తలుపు, గ్యాసు చూసుకుని పడుకునేదాన్ని, జిప్పు లాక్కుని పడుకోమంటే ఎలా ఉంటుందో చెప్పండి.

దీపాలు పెట్టేక ఒంటరిగా బయట అడుగు పెట్టకూడదు. భోజనానికి వెళ్ళాలంటే కాపలా మనిషిని పిలవాలి. ఎర్రగళ్ళ దుప్పటి భుజాన వేసుకుని, టార్చిలైటుతో వస్తాడు. అడవిదున్నలు గుడారాల మధ్యనుంచే నీళ్ళకి పోతుంటాయి. పొద్దున్న మా మెట్ల పక్కనే పేడ ఉంది. మా ఇంటిముందు గేదె వేసిన పేడకీ దీనికీ తేడా ఏమీ లేదు, కల్లాపి జల్లేసుకోవచ్చు!

రాత్రి భోజనం చేసొచ్చేసరికి దుప్పటి కింద ఏదో వెచ్చగా, మెత్తగా తగిలింది. కెవ్వుమన్నాను. చెల్లెలు పగలబడి నవ్వింది. చలికని ఉన్నిగుడ్డ తొడిగిన వేణ్ణీళ్ళ సంచీ పెట్టి వెళ్తారట. మనం నడుం నొప్పికి పెట్టుకునేదే. ఆ ఏర్పాటు నాకెంత నచ్చిందంటే, రాగానే అమ్మకి ఒకటి కొని పాత స్వెట్టరు చెయ్యి కత్తిరించి తొడుగు కుట్టేను.

ఖర్చు సంగతి అడుగుతారు, నాకు తెలుసు. ఆ దేశంలో ఉంటున్నవాళ్ళకి తక్కువ ధర, బయటినుంచి వచ్చినవాళ్ళకి ఎక్కువ. మరిదిగారు బిల్లు నాకు చూపించలేదు. చెల్లెలు చెప్పింది. ఒక రాత్రికయ్యేది మా ఇంట్లో మూణ్ణెల్ల వెచ్చాల ఖర్చు. నాకు పడుకున్నా ఆ లెక్కే. "అప్పా, అమ్మ దగ్గర నువ్వు చేస్తున్నదానికి ఇది లెక్కా" అంది అది. ఆ మాట నాకు నచ్చలేదు. ఊరుకున్నాను.

పొద్దున్న ఆరింటికి గుడారం బయట "హలో, మామా" అని మెత్తటి గొంతు. టీ తెచ్చేరు. కెన్యా టీ గట్టిగా, ఎర్రగా ఉంటుంది. ప్రపంచంలో టీ ఎగుమతి చేసే పెద్ద దేశాల్లో అదొకటి. వరండాలో దుప్పటి కప్పుకు కూర్చున్నాను. సరస్సు మీద పొగమంచు. ఒడ్డు వెంబడి ఎవరో గులాబీరంగు ముగ్గుపిండి పోసినట్టుంది. మంచు తేలిపోయేక ఆ ముగ్గు కదిలింది. అన్నీ ఫ్లెమింగోలు! తల తలకిందులుగా నీళ్ళలో ముంచి, వెనక్కి లాగుతూ జల్లెడ పట్టినట్టు తింటాయి. ఇది సోడా ఉప్పదనమున్న నీరు. అందులో పెరిగే స్పైరులీనా అనే నాచు వాటి తిండి. మన మందుల షాపుల్లో బలానికి అమ్మే బిళ్ళలు అదే నాచుతో చేసినవి. వాటి ఆ రంగు కూడా తిండివల్ల వచ్చినదేనట.

నన్ను కట్టిపడేసినవి మాత్రం ఫ్లెమింగోలు కావు, గూడబాతులు. సరస్సు మధ్యలో రాతి తిప్పలున్నాయి, వాటిమీద వందలుగా తెల్లటి గూడబాతులు. అక్కడే గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తాయి. చిత్రమేమిటంటే ఈ సరస్సులో వాటికి సరిపడా చేపలు లేవు. తిప్పలైతే పిల్లలకి క్షేమం, నక్కలూ దుమ్ములగొండ్లూ రాలేవు. మరి తిండి? కొండ అవతల నకూరు సరస్సుకి ఎగిరి వెళ్ళి చేపలు తెస్తాయి. నకూరులో కూడా మొదట చేపలు లేవట, 1960 ప్రాంతంలో దోమల కోసమని ఒకరకం చేపల్ని వదిలేరు, గూడబాతులకి అన్నం దొరికింది. ఎండెక్కి గాలి వేడెక్కేదాకా ఆగి, ఆ వేడిగాలి మీద చుట్టలు చుట్టుకుంటూ పైకి లేచి, రెక్క ఆడించకుండా కొండ దాటిపోతాయి. సాయంత్రానికి తిరిగొస్తాయి. పిల్ల తల్లి సంచిలో తలంతా దూర్చేసి తింటుంది. దుర్భిణిలో చూస్తుంటే, పిల్ల తల్లిని మింగేస్తోందా అనిపించింది.

మా వైపు వాళ్ళకి గూడబాతులు కొత్త కాదు. శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురం మీలో చాలామంది చూసే ఉంటారు. ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో గూడబాతులూ, రంగుల కొంగలూ వచ్చి, ఊళ్ళో చింతచెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లలు ఎగిరేదాకా ఉండి వెళ్తాయి. మనవి బూడిదరంగువి, ముక్కు మీద చుక్కలుంటాయి. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలంటారు వాటిని ఆ ఊరివాళ్ళు. వాటిమీద రాయి వెయ్యరు, రెట్టల కంపు భరిస్తారు, రావడం ఆలస్యమైతే బెంగ పెట్టుకుంటారు. 2021 చివర్లో చేపల చెరువుల్లోంచి వచ్చిన పురుగులు కడుపులో చేరి బోలెడు గూడబాతులు చెట్లమీంచి రాలిపోతే, ఆ ఊరివాళ్ళు ఇంట్లో మనిషి పోయినట్టు బాధపడ్డారని పేపర్లో చదివేను.

ఈ సంగతంతా చెల్లెలికి చెప్పేను. అది కప్పు కిందపెట్టి సరస్సుకేసి చూస్తూ కూర్చుంది. ఏమీ అనలేదు.

జీపులో తిరగడం గురించి పెద్దగా రాయను. టీవీలో మీరంతా చూసినవే. జిరాఫీలు మాత్రం దగ్గరగా చూసి తీరాలి. ఇక్కడి జాతికి మోకాళ్ళ కింద మచ్చలుండవు, తెల్ల మేజోళ్ళు వేసుకున్నట్టు. పదిహేను నెలలు మోసి, నిలబడే ఈనుతుందట. బిడ్డ రెండు మీటర్ల ఎత్తునుంచి దబ్బున కింద పడి, గంటలో నడుస్తుంది. చారలగుర్రాల్లో ఒక్కదాని చారల్లా ఇంకోదానికుండవు, పిల్ల తల్లిని చారల్ని బట్టి కూడా గుర్తుపడుతుందట. ఎదురుగా మనిషి వెల్లకిలా పడుకున్నట్టు ఒక కొండ ఉంది, ముక్కూ నుదురూ స్పష్టంగా. నిద్రపోయే యోధుడంటారు.

రెండో రోజు నకూరు పార్కుకి వెళ్ళేం. ఖడ్గమృగాల్ని కాపాడ్డానికి చుట్టూ కంచె వేసేరు. తల్లీబిడ్డా ఖడ్గమృగాలు మా జీపుకి ఇరవై అడుగుల్లో గడ్డి మేసేయి. సింహం కనిపించలేదు. మా చెల్లెలి కొడుకు ఏడుపు మొహం పెట్టేడు. నాకైతే హాయిగానే అనిపించింది.

అక్కడ చూసింది ఇంకోటుంది. సరస్సు పెరిగిపోతోంది. 2010 తరవాత నుంచి ఆ లోయలోని సరస్సులన్నీ పొంగుతూ వచ్చేయి. వానలెక్కువవడం, కొండలమీద చెట్లు కొట్టేయడం, నేల లోపలి కదలికలు, ఇలా కారణాలు చాలా చెప్తారు. నకూరు పార్కు పాత గేటు, ఆఫీసులూ నీళ్ళలో మునిగిపోయేయి. ఎండిన చెట్లు వరసగా నీళ్ళలో నిలబడి ఉన్నాయి, కాలిన అగ్గిపుల్లల్లాగ. నీరు ఎక్కువై ఉప్పదనం పలచబడితే నాచు పెరగదు, ఫ్లెమింగోలు వేరేచోటికి పోతాయి. ఒకప్పుడు ఇక్కడే లక్షల్లో ఉండేవట. మేం వెళ్ళినప్పుడు గుప్పెడే ఉన్నాయి. నైవాషా, బరింగో సరస్సుల ఒడ్డున మనుషుల ఇళ్ళు కూడా మునిగేయి. పక్షులకైతే ఇంకో సరస్సు ఉంది.

మా గుడారం సర్దే ఆవిడ ఊరు కూడా ఆ బరింగో వైపే. ముప్పై ఏళ్ళుంటాయేమో. చెల్లెలు స్వాహిలీలో మాట్లాడింది. వాళ్ళ ఇల్లూ, మేకల దొడ్డీ నీళ్ళలో పోయేయి. మొగుడు ఎక్కడో పనిలో ఉన్నాడు. ఇద్దరు ఆడపిల్లలు అమ్మమ్మ దగ్గర. నెలకోసారి సెలవుకి వెళ్తుంది, మిగతా రోజులు ఫోనులో డబ్బు పంపుతుంది. మనం ఇప్పుడు కూరల బండి దగ్గర ఫోనుతో డబ్బులిస్తున్నామే, వాళ్ళు 2007 నుంచే అలా పంపుకుంటున్నారు. నా చీర అంచు వేళ్ళతో తడిమి చూసింది. నాకు దగ్గరున్న నూలు చీరల్లో కొత్తది, పొందూరుది, ఇచ్చేను. తీసుకోవడానికి మొహమాటపడింది. తరవాత దాన్ని నడుముకి చుట్టుకుని చూపించింది, వాళ్ళ కాంగా గుడ్డ చుట్టుకున్నట్టు.

రాత్రి టార్చి పట్టుకొచ్చే కాపలా మనిషి మసాయి తెగవాడు. ఈ లోయంతా ఒకప్పుడు మసాయిల పశువులు మేసిన నేల. 1904లో ఇంగ్లీషు వాళ్ళు ఒప్పందం అని కాగితం రాయించి వాళ్ళని ఇక్కణ్ణుంచి పంపించేసి, తెల్లదొరలకి పెద్దపెద్ద జాగీర్లు చేసేరు. ఈ సరస్సు చుట్టూ ఉన్నది అలాంటి జాగీరే, ఇప్పుడు జంతువుల రక్షిత ప్రాంతం. వేణ్ణీళ్ళ సంచీ పెట్టుకుని పడుకున్న నాకు, బయట చలిలో అతని అడుగుల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

రెండో రాత్రి మరిదిగారూ పిల్లలూ ఒక గుడారంలో, నేనూ చెల్లెలూ ఒక దాంట్లో పడుకున్నాం. దీపం ఆర్పేక దూరంగా దుమ్ములగొండి అరుస్తోంది. అప్పుడడిగేను, అమ్మ అడగమన్నది.

"బాగానే ఉన్నానప్పా. అబద్ధం కాదు. ఆయన మంచివారే, పిల్లలు చదువుతున్నారు. చీకటి పడితే ఇల్లు దాటం, గేటు, కాపలా, అలవాటైపోయింది" అంది.

"మరి నాలుగేళ్ళు రాలేదేటి?"

చాలాసేపు పలకలేదు. నిద్రపోయిందనుకున్నాను.

"నలుగురి టిక్కెట్లు, ఫీజులు, అదీ ఉంది. కానీ పోయినసారి వచ్చినప్పుడు, కారెక్కే ముందు అమ్మ నా చెయ్యి పట్టుకుంది చూడు, గేటు దగ్గర. విడిచిపెట్టలేదు. టైమైపోతోందని నేనే వేళ్ళు విడదీసేను అప్పా. ఒక్కొక్క వేలూ. మళ్ళీ వస్తే మళ్ళీ అదే చెయ్యాలి కదా."

నేనేం చెప్పగలను? "అమ్మ ఇప్పుడు గేటు దాకా రాలేదే" అన్నాను. "మంచం దగ్గరే కూర్చుని ఉంటుంది. నువ్వెళ్ళేటప్పుడు వంగి దణ్ణం పెట్టి వెళ్ళిపోవడమే."

జిప్పు సందులోంచి చల్లగాలి వస్తోంది. అది లేచి జిప్పు పూర్తిగా లాగి, మళ్ళీ వచ్చి నా పక్కన పడుకుంది, చిన్నప్పుడు చాపమీద పడుకున్నట్టు.

డిసెంబరు సెలవులకి పిల్లల్ని తీసుకుని వచ్చింది. ఇరవై మూడు రోజులుంది. అమ్మ మంచం పక్కన కిందే పడుకుంది.

ఉన్నన్నాళ్ళలో ఒకరోజు వంటిల్లు దానికి అప్పగించేం. అక్కడి వంట చేసి పెట్టింది. మీకూ చెప్తాను, ఆకుకూరంటే మొహం చిట్లించే పిల్లలు కూడా తింటారు. పేరు సుకుమా వీకీ, అంటే 'వారం నెట్టుకొచ్చేది'. నెలాఖరులో జేబు ఖాళీ అయినప్పుడు వారం గడిపించే కూర కాబట్టి ఆ పేరు. ఆ ఆకు మనకి దొరకదు, కేబేజీ జాతిదే. చెల్లెలు కేబేజీ పైన ఉండే ముదురు పచ్చ ఆకులు, కాలీఫ్లవర్ చుట్టూ ఉండి మనం పారేసే లేత ఆకులు వాడింది. ఈనెలు తీసేసి, ఆకుని చుట్టలా చుట్టి, సన్నగా దారాల్లా తరగాలి. రెండు చెంచాల నూనెలో ఒక పెద్ద ఉల్లిపాయ ముక్కలు మెత్తబడేదాకా వేయించి, రెండు టమాటాలు వేసి గుజ్జయ్యేక, ఆకు, ఉప్పు వేసి పెద్దమంట మీద ఏడెనిమిది నిముషాలు కలుపుతూ మగ్గించాలి. మూత పెట్టకూడదు, పచ్చదనం పోతుంది. కారం వెయ్యరు. మావారి కోసం నేను రెండు పచ్చిమిరపకాయలు చీరి పడేసేను.

దాంతోపాటు ఉగాలి. మరిగే నీళ్ళలో తెల్ల మొక్కజొన్న పిండి కొంచెం కొంచెంగా వేస్తూ, కర్రతో తిప్పుతూ, గిన్నె అంచు వదిలేదాకా గట్టిపరచాలి. గ్లాసు పిండికి రెండు గ్లాసుల నీళ్ళు. చెయ్యి నొప్పెడుతుంది, చోడిపిండి ముద్ద కెలికినవాళ్ళకి అలవాటే. పళ్ళెంలోకి బోర్లిస్తే ఇడ్డెన్లా నిలబడుతుంది. ముద్ద తీసి, బొటనవేలితో మధ్యలో గుంట చేసి, కూర దాంతో ఎత్తుకుని తినాలి.

అమ్మని కుర్చీలో కూర్చోబెట్టి చెల్లెలే పళ్ళెం ఒళ్ళో పెట్టింది. గుంట ఎలా చెయ్యాలో చూపించింది. అమ్మ రెండు ముద్దలు తిని, నమిలి, దాని మొహంలోకి చూసింది.

"పన్నెండేళ్ళనుంచి ఇదే తింటున్నారేటే? ఉప్పెయ్యరా ఇందులో?"

వెయ్యరు. ఉగాలిలో ఉప్పు వెయ్యరు. చెల్లెలు లేచి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చింది.